విప్పులమ్మ కట్టు

మబ్బుకనుమ ఎక్కే బస్సులో కుడివైపు కూర్చున్నవారికి, రెండో మలుపు తిరగగానే, రోడ్డుకు దిగువన సున్నం కొట్టిన చిన్న గుడి కనబడుతుంది. రోడ్డు పక్కన బోర్డు మీద 'శ్రీ విప్పలమ్మ తల్లి' అని రాసి ఉంది. అది తప్పు. ఈ కొండ మీద విప్పచెట్టు ఒక్కటీ లేదు, ఎన్నడూ లేదు. అమ్మవారి పేరు విప్పులమ్మ. ఎన్నిసార్లు చెప్పినా బోర్డు దిద్దినవారు లేరు. దర్శనానికి వచ్చే భక్తులైనా సరిగా పలకాలని ఈ కథ చెప్పడం.

తక్కిన గుళ్లలో మొక్కుకున్నవారు ముడుపు కడతారు, ఉయ్యాల కడతారు, తోరం కడతారు. ఇక్కడ ఏదీ కట్టకూడదు. కట్టుకొని వచ్చినదాన్ని విప్పాలి. గర్భగుడిలో అమ్మవారు మోకాలెత్తు నల్లరాయి. రాతి నడుము చుట్టూ వేలు పట్టేంత గాడి ఒరుసుకుపోయి ఉంది. చీర కట్టినప్పుడు కూడా ఆ గాడిని కప్పరు.

పూర్వం ఇక్కడ, కనుమ కింద, గొర్రెల కాపరుల పల్లె ఒకటి ఉండేది. అందులో సుంకులమ్మ అనే పెద్దామె హస్తవాసి గలదని పేరు మోసింది. పసిబిడ్డకు కడుపునొప్పి వస్తే వాము నీళ్లు, కాలు బెణికితే వేడి చింతాకు కాపడం, విరేచనాలు పట్టుకుంటే ఉప్పేసిన గంజి, అన్నిటికీ ఆమె గడప తొక్కేవారు. అన్నిటికంటే గొప్పది ఆమె గాయానికి కట్టే కట్టు. గాయపాకు నలిపి, పసరు పిండి, పసుపు అద్ది, పాత గుడ్డతో బిగించి ముడివేసేది. గాయం కడగనిచ్చేది కాదు, నీళ్లు తగిలితే పసరు పలచనైపోతుందని. కట్టిన వారం మళ్లీ తిరిగి వచ్చేదాకా ముడి విప్పరాదు. విప్పితే మందు చస్తుందనేది.

చిన్న గాయాలు వాటంతటవే మానేవి. మానినప్పుడల్లా ఆ పేరు ముడికి వచ్చేది.

ఒక ఏడు శ్రావణ మాసపు ముసురులో ఆమె ఒక్కగానొక్క కొడుకు మద్దిలేటి మంద వెంట పోతూ తుమ్మముల్లు తొక్కాడు. ముల్లు పీకి పారేసి కుంటుకుంటూ ఇల్లు చేరాడు. ఆ రోజు ఆదివారం. మడమకు బురద అలాగే ఉండగా సుంకులమ్మ పసరు పిండి గట్టిగా కట్టింది. మరునాటికి కాలు బరువెక్కింది. ఆపైన వేళ్లు ఉబ్బి నున్నగా మెరవసాగాయి. మద్దిలేటి భార్య ఈరమ్మ ఆ కాలి దగ్గర కూర్చొని లేచేది కాదు.

"అత్తా, వాసన వస్తాంది. ఒక్కతూరి విప్పి సూద్దాం."

"అది పసరు వాసన. గొర్రెల దొడ్లో పనిచెయ్యని నీ ముక్కు, మొగుని కాలికాడ బాగా పనిచేస్తాదే!"

మద్దిలేటి నవ్వాడు. "విప్పితే మా యమ్మ పేరు పోతాది. కాలు పోతే ఇంకోటి ఉండాదిలేమ్మే."

అత్త మంద దగ్గరకు పోయిన సమయాన ఈరమ్మ ముడి మీద చెయ్యి వేసింది. మద్దిలేటే కాలు వెనక్కి లాక్కున్నాడు. "అమ్మ వద్దనింది గదా" అన్నాడు. అప్పటికే అతని ఒళ్లు పెనంలా కాలుతోంది.

శుక్రవారానికి కట్టు పైనుంచి తొడ దాకా ఎర్రటి గీత పాకింది. దాన్ని సుంకులమ్మ కూడా చూసింది. చూసి కళ్లు తిప్పుకుంది. ఈ ఒక్క ముడి విప్పితే, తాను పుట్టి బుద్ధెరిగి కట్టిన ముడులన్నీ ఒక్కసారిగా వదులైపోతాయని ఆమె గుండె జడిసింది. "ఆదివారం దాకా ఓపిక పట్టండి" అంది.

శనివారం పొద్దు గుంకేవేళకు మద్దిలేటి ప్రాణం పోయింది.

శవానికి నీళ్లు పోసేటప్పుడు ముడి విప్పక తప్పలేదు. తల్లే విప్పింది. మడమలో విరిగిన ముల్లు మొన అలాగే ఉంది. లోతున కూడా లేదు, గోటితో తీయగలిగేంత పైనే ఉంది. ఈరమ్మ చూసింది. ఏడవలేదు.

"ఇప్పుడు విప్పినావు" అంది. ఆ తరువాత అత్తతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఇద్దరూ వేరువేరు పొయ్యిలు రాజేసుకున్నారు.

సుంకులమ్మ వైద్యం మానేసింది. బిడ్డలను ఎత్తుకొని వచ్చినవారికి తలుపు తీసేది కాదు. అలా ఉండగా ఒక తెల్లవారుజామున ఆమెకు కల వచ్చింది. నల్లటి ఆడమనిషి, నడుముకు తీగ బిగుసుకొని, ఊపిరాడక కొండ మీద పడి ఉంది. "బిగిసిపోయినానమ్మా, విప్పు" అంది. అంతే, వేరే మాట లేదు. వరమూ లేదు, శాపమూ లేదు.

సుంకులమ్మ కొండ ఎక్కింది. కనుమ దారి పక్కన అడవితీగ చుట్టుకున్న రాయి ఒకటి కాపరులందరూ ఎరిగినదే. ఆ తీగను ఆమె కొడవలితో కోయలేదు. గోళ్లు చీరుకుపోతున్నా పోగు పోగుగా విప్పింది. కింద రాయి నడుము గాడి పడి ఉంది. రాతి మొదట్లోంచి ఊట నీరు ఉబికింది. ఆమె రక్తపు చేతులు ఆ నీటిలో కడుక్కొని, అక్కడే కూలబడింది. మళ్లీ ఊరికి దిగలేదు.

దారిన పోయేవారి గాయాలను అక్కడే చూసేది. కాచి చల్లార్చిన నీటితో మొదట కడిగేది, ముల్లు ఉందేమోనని వెదికేది, ఆపైనే కట్టేది. తెల్లవారగానే విప్పి చూసేది.

ఏళ్లు గడిచాక ఒకనాడు ఈరమ్మ కొండెక్కి వచ్చింది. గడ్డి కోస్తుండగా కొడవలి తగిలి, తెగిన అరచేతికి చీరకొంగు చుట్టుకొని ఉంది. ముసలామె ఎదుట నిలబడి చెయ్యి చాపింది.

"విప్పు" అంది.

సుంకులమ్మ విప్పింది. కడిగింది. కట్టబోయి ఆగిన ఆమె మణికట్టును ఈరమ్మే పట్టి గాయం మీదికి తెచ్చింది. మరునాడు ఉదయం ఈరమ్మ మళ్లీ వచ్చి మళ్లీ అదే మాట అంది. గాయం మానేదాకా రోజూ వచ్చింది. మద్దిలేటి పేరు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. క్షమించానని ఆమె అనలేదు, క్షమించమని ఈమె అడగలేదు. దారిన పోయేవారి చెవిన పడినదల్లా ఆ ఒక్క మాటే. అదే అమ్మవారి పేరయింది.

నేటికీ ఇక్కడ పూజ చేసేవారు ఈరమ్మ పుట్టింటి వంశపు ఆడవారే. గుడి వెనక పొయ్యి మీద నీళ్లు కాగుతూ ఉంటాయి, తొట్టి పక్కన సబ్బు ఉంటుంది. ఉడకబెట్టి ఎండలో ఆరవేసిన నూలు పీలిక ఇక్కడి ప్రసాదం. దాన్ని ఇంట్లో డబ్బాలో దాచుకొని, చిన్న దెబ్బ తగిలినప్పుడు కడిగి కట్టుకుంటారు, తెల్లవారి విప్పి చూస్తారు. పిల్లలకు జ్వరమొచ్చినా, విరేచనాలైనా అంతే. కషాయమో గంజో పట్టించి పడుకోబెట్టి ఊరుకోరు. పొద్దున్నే నాలుక చూస్తారు, కళ్లు చూస్తారు, నీళ్లు తాగాడా అని అడుగుతారు. దాన్నీ ఇక్కడ విప్పి చూడటమనే అంటారు. గాయం వాసన వేసినా, ఎర్ర గీత పాకినా పూజారమ్మ పీలిక ఇవ్వదు. కుంకుమ పెట్టి, "నా కాడ కాదు, ఆసుపత్రికి పో" అని తానే ఆటోను పిలుస్తుంది.

శ్రావణ మాసంలో ఒక శనివారం మాపటివేళ అమ్మవారి గాడిని ఊట నీటితో కడుగుతారు. ఆనాడు మేళం లేదు, నైవేద్యం లేదు. హారతి ఇచ్చే ముందు పూజారమ్మ ఒక్కొక్కరినీ అడుగుతుంది.

"ఇంటికాడ అందరినీ విప్పి చూసినావా?"

చూడనివారు చూశానని అనరాదు. వారికి హారతి లేదు. అలాగని వెళ్లగొట్టరు. ఇంటికి పోయి, చూసి, మళ్లీ రావచ్చు. చివరి మనిషి తిరిగి వచ్చేదాకా ఆ రాత్రి గుడి తలుపు వేయరు.