కత్తికి వంటిల్లు, పెనానికి ఆయుధశాల

ఆ ఏడు వానలు ఎంత పని చేశాయంటే, రాజుగారి ఆయుధశాలలో కొత్త కత్తులన్నీ తుప్పుపట్టి కూర్చున్నాయి. "కమ్మరి వీరాచారి నాసి ఇనుము వాడాడు ప్రభూ" అనేశాడు ఆయుధశాల చూసుకునే సేనాపతి, దళవాయి గజరాయుడు. ఇంకేముంది, వీరాచారిని చెరలో వేశారు. పౌర్ణమినాడు కుడి బొటనవేలు తీసెయ్యాలని తీర్పు.

అది విని అతని పెళ్ళాం ముత్తెమ్మ అట్లపెనం చంకలో పెట్టుకుని సభకి పరిగెత్తింది.

"మహారాజా, ఇదీ ఆ ఇనుముతో చేసిందే. ఒక కత్తికి తుప్పు వదిలించి నా వంటింట్లో ఉంచండి, ఈ పెనం దళవాయిగారి దగ్గర ఉంచండి. పౌర్ణమికి రెండూ చూడండి."

"నా కత్తుల్ని రోజూ కడిగించి గాలికి ఆరబెట్టిస్తాను. నీ పెనానికీ ఆ మర్యాదే చేస్తాలే!" అన్నాడు దళవాయి.

రాజు సరేనన్నాడు. ఇక ముత్తెమ్మకి కాలు నిలిస్తేనా! కూర్చుంటే లేచేది, లేస్తే కత్తి దగ్గరికి పరిగెత్తేది. బయట ఒకటే ముసురు. రోజుకి నాలుగుసార్లు నూనెగుడ్డతో తుడిచేది. చిన్న మచ్చ పడినా మొగుడి వేలు పోయినట్టే కదా మరి!

పౌర్ణమినాడు కత్తి తళతళలాడింది. పెనం ఎర్రగా పొరలు లేచింది.

"ఇదెలాగమ్మా?" అన్నాడు రాజు.

"నీళ్ళూ గాలీ కలిసి తగిల్తే ఎంత మేలైన ఇనుమైనా తుప్పే ప్రభూ. నూనె పూస్తే ఆ రెండూ ఇనుముదాకా రాలేవు. దళవాయిగారు ఆ రెంటినీ రోజూ పిలిచి విందు పెట్టారు."

వీరాచారిని వదిలేశారు. "ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"పెనం పాడుచేసినాయనే ఇసకేసి తోమి, నూనె రాసి ఇవ్వాలి ప్రభూ. మా ఆయన ఆకలిమీదున్నాడు, అట్లు పోయాలి."

నిండు సభలో దళవాయి తలపాగా తీసి పక్కన పెట్టి, పెనం ముందు గొంతుక్కూర్చున్నాడు.