బాలింత గదిలో మాట

చెల్లీ వనజా, ఏది ముందో ఏది వెనకో నేను కాస్త తారుమారు చేయవచ్చు. జరిగింది మాత్రం ఇది.

మంత్రసాని ఓబులవ్వ దగ్గర సుంకమ్మ ఏడేళ్లు పని నేర్చుకుంది. అవ్వ పక్కన లేకుండా ఆమె పోసిన మొదటి పురుడు ఈరమ్మది. తెల్లవారుతుండగా మగబిడ్డ పుట్టాడు. సుంకమ్మ ఒక్క నియమమూ తప్పలేదు. బాలింత చెవుల్లో దూది పెట్టింది. తలకు గుడ్డ చుట్టింది.

"మాట్లాడితే గాలి కమ్ముతుంది, జబ్బు చేస్తుంది. పెదవి కదిపినావంటే ఊరుకోను" అని గట్టిగా చెప్పింది.

బిడ్డ రొమ్ము పట్టలేదు. మధ్యాహ్నానికి ఏడుపు సన్నగిల్లింది. పొద్దు వాలేసరికి అదీ లేదు. సుంకమ్మ అరికాళ్లు రుద్దింది, బుగ్గ తట్టింది, పాలు పిండి పెదవులకు రాసింది. బిడ్డ మూతి కదపలేదు.

"ఏడేళ్లు నేర్చింది ఇదేనా?" అంది గుమ్మంలో నిలబడ్డ ఈరమ్మ అత్త.

ఈ బిడ్డ దక్కకపోతే ఇంకే గడపా తనను పిలవదు. సుంకమ్మ అవ్వకు కబురు పెట్టింది.

ఓబులవ్వ వచ్చింది. బిడ్డను ముట్టుకోలేదు. తల్లి చెవుల్లో దూది తీసి పారేసింది.

"మాట్లాడు."

ఈరమ్మ బెదురుతూ సుంకమ్మ వైపు చూసింది.

"దాని మొహం ఏంటికి చూస్తావు? బిడ్డను చూసి మాట్లాడు."

"ఏం మాట్లాడాల అవ్వా?"

"కడుపుతో ఉన్నన్నాళ్లూ ఎవరితో ఎక్కువ మాట్లాడినావు?"

ఈరమ్మ తల దించుకుంది. "మా బర్రెతో."

"నాతో మాత్రం రెండు మాటలు ఆడింది లేదు" అని అత్త మూతి ముడిచింది.

"అయితే బర్రెతో మాట్లాడినట్టే మాట్లాడు" అంది అవ్వ.

"అవ్వా, గాలి కమ్మితే..." సుంకమ్మ అడ్డొచ్చింది. అవ్వ చెయ్యెత్తి ఆపింది.

ఈరమ్మ బిడ్డ మీదికి వంగింది. "ఓ... ఓ... నా తల్లీ. ఇట్ల జరుగు. బెదరద్దు, నేనే గదా."

బిడ్డ కనుబొమ ముడిపడింది.

"ఇంకా" అంది అవ్వ.

"నేనే గదా. యాడికీ పోలేదు గదా."

బిడ్డ తల మెల్లగా ఆ గొంతు వైపు తిరిగింది. నోరు తెరిచి వెతికింది. పట్టింది.

గదిలో ఒక గుటక వినబడింది. తర్వాత మరొకటి.

సుంకమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు నేనేం చేయాల అవ్వా?"

"నోరు మూసుకుని కూర్చో."

సుంకమ్మ కూర్చుంది.

వనజా, పేర్లు కూడా తారుమారు చేసి ఉంటాను, ఒకసారి సరిచూడు.