ఒత్తిగిలిన తల్లి

డాక్టర్ సీతారత్నంగారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు రాదు. "ముందు లోపలికి రానీ, చూద్దాం" అంటూ తరవాతి గర్భిణిని పిలిపిస్తారు. ఆవిడ దగ్గర గర్భస్థ శిశువుల వైద్యం నేర్చుకుంటున్న ఇందుమతికి ఈ అలవాటు చిరాకు తెప్పించేది.

ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్న చిన్నదేమీ కాదు. "మేడమ్, మన చేతిలో ఏమీ లేదని తేలిపోయాక, నిజం చెప్పేశాక, ఇంక మనం చెయ్యడానికి ఏముంటుంది?"

ఆమె మనసులో ఉన్నది పైడితల్లి. కడుపులో కవలలు, ఛాతీ దగ్గర అతుక్కుని ఉన్నారు. ఇద్దరికీ ఒకటే గుండె. విడదీయడం కుదరదు, పుట్టాక బతుకుతారన్న ఆశా దాదాపు లేదు. కిందటిసారి ఇందుమతే ఈ సంగతి బొమ్మ గీసి మరీ చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. చక్కగా చెప్పానని లోలోపల కాస్త మురిసింది కూడా. పైడితల్లి అంతా విని, "ఉన్నన్నాళ్ళూ మోత్తానమ్మా" అని లేచి వెళ్ళిపోయింది.

సీతారత్నంగారు ఆ పైడితల్లినే పిలిపించారు. ఆమె గోడ పట్టుకుని, నిండుకుండ మోస్తున్నట్టు అడుగులో అడుగు వేస్తూ వచ్చింది. కళ్ళు గుంటలు పడ్డాయి. ఇందుమతి స్కాన్ తెర వైపు తిరిగింది. పెద్దావిడ మాత్రం తెర జోలికి పోకుండా, "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగారు.

"నిద్దరేటమ్మా! ఎల్లకిలా కదలకుండా పడుంతన్నాను. పక్కకి ఒత్తిగిలితే పిల్లలిద్దరూ ఆ అతుకు కాడ సిరిగిపోరా?"

ఏడిస్తే పొట్ట కదులుతుందని ఏడుపు కూడా మానుకుందట. ఇందుమతికి తల కొట్టేసినట్టయింది. బొమ్మలో ఆ అతుకుని బట్ట మీద కుట్టులాగా చుక్కలు చుక్కలుగా గీసింది తనే.

"చిరగరమ్మా. అది కుట్టు కాదు, ఒకటే ఒళ్ళు. నువ్వు ఎటు తిరిగితే ఇద్దరూ అటే తిరుగుతారు" అన్నారు సీతారత్నంగారు. మంచం మీద పడుకోబెట్టి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, తన చేతులతోనే ఆమెను మెల్లగా ఎడమవైపుకి తిప్పారు. పైడితల్లి ఊపిరి బిగబట్టి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. లోపల కదలిక తెలిసింది. "ఉన్నారు" అంది. కాసేపటికి సన్నగా గురక వినిపించింది.

బయట వరసలో జనం గొణుగుతున్నారు. ఇందుమతి ఆమెను లేపబోతే సీతారత్నంగారు చెయ్యి అడ్డుపెట్టి, బల్ల మీది దీపం ఆర్పేశారు.

"ఇందాక ఏదో అడిగావు. మళ్ళీ అడుగు" అన్నారావిడ. "గొంతు తగ్గించి అడుగు, లేస్తుంది."