పొగలో కూర్చున్న ముక్కు

రండి, దగ్గరికి జరగండి. ఆ వెనక గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రావాలి. ఈ కథలో పొగా, కలలూ ఉన్నాయి, గోడ దొరికితే నిద్రపోతారు. విస్కీ కాచేవాడి కథా అని మొహం చిట్లించకండి. పాఠం చెప్పడానికి ఫలానా వాకిలే కావాలని భగవంతుడు ఎప్పుడూ పట్టుబట్టలేదు.

అమెరికాలో, పొద్దెక్కినా పొగమంచు విడవని ఒక కొండలోయలో, తన ముక్కు మాట తప్ప ఇంకెవరి మాటా వినని ఓరిన్ అనే విస్కీ కాచేవాడు ఉండేవాడు. అతని విస్కీ మొక్కజొన్నతో కాచింది, తియ్యగా ఉండేది. అందరూ మెచ్చుకునేవారు. అందుకే ఆ ముక్కు మీద అతనికి అంత నమ్మకం.

అతనికి పని నేర్పిన గురువు ఏమస్ తాత. ఆయన చిన్నప్పుడు సముద్రం అవతల చలిదేశం నుంచి ఓడలో వచ్చాడు. ఇప్పుడు మంచం పట్టాడు. ఆకులు రాలేదాకా ఉండనని ఆయనకి తెలుసు.

"ఒరే ఓరినూ, అరవై ఏళ్ళు తియ్యటి విస్కీ కాచాను. పోయేముందు ఒక్క గుక్కలో మా నాయనమ్మ పొయ్యి వాసన రావాలిరా" అన్నాడు ఒకనాడు.

"మన విస్కీలో పొగ వాసనేమిటి తాతా? ఇక్కడ ఎవరూ అలా చెయ్యరు."

"చెయ్యరు కాబట్టే నీకు చెబుతున్నా."

ఆ నాయనమ్మ పొయ్యిలో కాలింది కట్టెలు కాదు, పీట్. చిత్తడి నేల అడుగున నాచూ గడ్డీ వేల ఏళ్ళు నాని, నల్లటి మట్టిలా గడ్డకడుతుంది. కోసి ఎండబెడితే మన పిడకలా నెమ్మదిగా రాజుకుంటుంది. లోయ అడుగున అలాంటి చిత్తడి ఉంది. ఓరిన్ వేసవంతా పీట్ గడ్డలు కోసి ఎండబెట్టాడు. ఆ పొగ పట్టించి కాచాల్సింది మొక్కజొన్న కాదు, బార్లీ గింజలు. ఆ ఏడు వడగళ్ళు పడి బార్లీ చాలా పోయింది. మిగిలింది రెండు వాయిలకే.

మొదటి వాయి బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, పొగగదిలో చిల్లుల రేకు మీద పరిచాడు. కింద పీట్ రాజేశాడు. తలుపు మూసుకుని, చెక్కపారతో గింజలు తిరగేస్తూ లోపలే కూర్చున్నాడు. నీలంగా పొగ లేచింది. కాసేపటికి కునుకు పట్టింది, పొగ సముద్రమైంది. సముద్రం మీద చిన్న పూరిల్లు తేలుతూ వచ్చింది. తలకి గుడ్డ కట్టుకున్న ముసలావిడ గుమ్మంలోంచి చెయ్యి ఊపుతూ, "ఇంకొంచెం నాయనా, ఇంకొంచెం" అంది. ఓరిన్ ఉలిక్కిపడి లేచి గింజల వాసన చూశాడు. ఏమీ తగల్లేదు. ఇంకో గడ్డ వేశాడు. మళ్ళీ కునుకు, మళ్ళీ ముసలావిడ, మళ్ళీ గడ్డ. అలా మూడు రోజులు.

మూడో రోజు పొద్దున్న కొండ మీద తేనెటీగలు పెంచే అతని అక్క హెట్టీ పరుగున వచ్చింది.

"ఏమిట్రా ఇది! ఇల్లు తగలబడిందనుకుని చెప్పుల్లేకుండా వచ్చాను. ఎక్కువైంది, ఆపెయ్యి."

"అక్కా, నీకు తేనె తెలుసు, పొగ నాకు తెలుసు. నా ముక్కుకి అసలేమీ తగలడం లేదు."

"అయితే ఆ ముక్కుని కాసేపు బయట కట్టేసి రా!" అని విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఓరిన్ ఇంకో రెండు గడ్డలు వేశాడు. తర్వాత ఆ పొగవాసన మధ్యే బార్లీని పులియబెట్టి కాచాడు. గ్లాసు అడుగున కాస్త పోసి తాత పెదవులకి అందించాడు. తాతకి దగ్గు ముంచుకొచ్చింది. దగ్గు తగ్గాక, నెమ్మదిగా, "ఇది పొయ్యి వాసన కాదురా. కొంప కాలిన వాసన" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఓరిన్‌కి ఏడుపొచ్చింది. అక్క దగ్గరికెళ్ళి ఒక రోజంతా తేనెపెట్టెల మధ్య కూర్చున్నాడు.

మర్నాడు దిగివచ్చి పొగగది తలుపు తీశాడు. గుప్పున కొట్టింది వాసన! రెండడుగులు వెనక్కి వేశాడు. గది మారలేదు, గోడలకి పట్టిన పొగ మారలేదు. మారింది తన ముక్కే. పొగలో కూర్చుని కూర్చుని దానికి పొగ తెలియడం మానేసింది. అక్కడే తలుపు పట్టుకుని, "స్వామీ, ఎంత పొగరు పట్టింది నాకు" అని తల వంచుకున్నాడు.

మిగిలింది ఒక్క వాయి. బయట ఆకులు పండబారుతున్నాయి. ఈసారి పొగ పెట్టేముందే అక్కని బతిమాలి, పొగ సోకని చోట, ఎదురుగాలికి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. గంటకోసారి గుప్పెడు గింజలు పట్టుకుని వెళ్ళేవాడు.

"నిజం చెప్పక్కా."

"ఇంకా లేదు."

మళ్ళీ వెళ్ళేవాడు. "ఇప్పుడు?"

"వస్తోంది. వాన పడ్డ మట్టిలా ఉంది."

సాయంత్రం లోపల ముసలావిడ మళ్ళీ కనిపించింది. "ఇంకొంచెం నాయనా" అంది. ఓరిన్ ముక్కుకీ ఏమీ తగల్లేదు, ఇంకొంచెం కావాలనే చెప్పింది. చెయ్యి పీట్ గడ్డ మీదికి వెళ్ళింది. ఆ గడ్డని అక్కడే వదిలి, గుప్పెడు గింజలతో బయటికి నడిచాడు.

హెట్టీ వాసన చూసి కళ్ళు మూసుకుంది. "చాలురా తమ్ముడూ. ఇక చాలు."

అతనికి అది వట్టి బార్లీలాగే ఉంది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. లోపలికెళ్ళి నిప్పంతా ఇనుప పారతో బయటికి లాగేశాడు.

వారం తర్వాత కొత్త వాయిలోంచి ఒక్క చుక్క తాత నాలుక మీద వేశాడు. తాత మొహంలో ముడతలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి.

"వచ్చిందిరా మా నాయనమ్మ" అన్నాడు. "ఎలా కుదిరింది?"

"నేను కాదు తాతా, అక్క బయట కూర్చుని చెప్పింది."

తాత నవ్వాడు. "మా నాయనమ్మా అంతే. పొయ్యి రాజేసి, గుమ్మం దాటి వెళ్ళి, పక్కింటావిడని పిలిచి అడిగేది, ఎలా ఉందమ్మా అని."

ఆ వారంలోనే, అదే నవ్వు మొహం మీద ఉండగా, ఏమస్ తాత కన్నుమూశాడు.

విన్నారు కదా. తాత మాట, అక్క కుర్చీ, అన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఓరిన్ గుప్పెడు గింజలతో గుమ్మం దాటి, "నిజం చెప్పు" అని అడిగాడు, చెప్పాక ఎదురు మాట్లాడలేదు. రేపు మీ పని ఏదైనా సరే, అలాగే పట్టుకెళ్ళి ఒకరిని అడగండి. మనం మునిగి ఉన్న పనిలోని తప్పు మనకి తెలియదు, బయటినుంచి చెప్పేవారి మాట వినడమే దాన్ని దిద్దుకునే దారి.