తిప్పని పేజీ

పినాకపాణికి ఒకటే దిగులు. ఆదోనిలో నవలలు చదివేవాళ్లందరూ "ఏం చదవమంటావు పాణీ?" అని వాడినే అడుగుతారు. ఫకీరప్ప అయ్యవారు మాత్రం వాడు చెప్పినదానికి ఒక్కనాడూ "బాగుంది" అనలేదు.

అనకపోతే పోనీ అని ఊరుకునే రకమా మన పాణి? కాదు. కాలేజీ రోజుల నుంచీ అయ్యవారి దగ్గర కూర్చుని చదవడం నేర్చుకున్నవాడు. ఆయనంటే ప్రాణం. ఊరంతా మెచ్చుకున్న మాటలు ఇల్లు చేరేసరికి మరిచిపోయేవాడు గానీ, అయ్యవారు అనని ఆ ఒక్క మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

అయ్యవారు తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. పత్తి మార్కెట్ వెనక సందులో ఆయన ఇల్లు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ ఇంటి మిద్దె మీద పుస్తకాల వాళ్లు చేరతారు. చాపలు పరిచి ఉంటాయి, టీ వస్తుంది. కొత్తగా వచ్చిన నవలల గురించి మాట్లాడుకోవడం, నచ్చినవి ఒకరికొకరు ఇచ్చుకోవడం, అంతే. అయ్యవారు గోడకు ఆనుకుని వింటూ ఉంటారు. ఆయన మాట్లాడేది తక్కువ.

ఆ లోటు పాణి తీర్చేవాడు. అబ్బో, ఏం చెప్పేవాడు!

"అపార్టుమెంటులో దెయ్యం నవల వచ్చింది, చదివితే వారం దాకా లిఫ్టు ఎక్కరు! రైల్లో పెళ్లికూతురు మాయమయ్యే డిటెక్టివ్ నవల ఇంకొకటి ఉండాది, పొయ్యి మీద అన్నం పెట్టి మాత్రం మొదలుపెట్టొద్దు. ఇంక చంద్రుడి మీద పత్తి పండించే నవల, అది మన ఊరోళ్లు చదవకపోతే ఎవరు చదవాల?"

మిద్దె అంతా గొల్లుమనేది. లేచేటప్పుడు ఆ నవలల కోసం వాళ్లలో వాళ్లు పోట్లాడుకునేవాళ్లు.

ఇన్ని చదవడానికి వీడికి తీరిక ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అసలు సంగతి నేను చెప్తాను వినండి. వాడు చదివేవాడు కాదు. మొదటి నలభై యాభై పేజీలు, అట్ట వెనక రాసింది, ఫోన్లో వాళ్లూ వీళ్లూ అనుకున్నది, అంతే. మిగతాదంతా వాడి నోరే నడిపించేది.

ఒక ఆదివారం వాడు ఒక చిత్రకారుడి నవల తెచ్చాడు.

"యాక్సిడెంటులో చూపు పోయిన చిత్రకారుడి కథ. ఆపరేషన్ చేసి కళ్లకు కట్టు కడతారు. ఆ కట్టు విప్పే రోజు కోసం ఎదురుచూడటమే నవలంతా. ఆశ అంటే ఏందో తెలియాలంటే ఇది చదవాల. చివర్లో ఏడుపు ఆగదు. సంతోషంతో!"

చాప చివర కూర్చున్న రేణుక చేయి ఎత్తింది. ఆమె పెద్దమ్మ ఈశ్వరమ్మ గారు కూడా ఈ మిద్దె మీదికి వచ్చే మనిషే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఆమెకు ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క కంటికీ ఇప్పుడు జబ్బు చేసి, ఆపరేషన్ కోసం కర్నూలు ఆసుపత్రిలో చేరింది.

"అన్నా, ఇది మా పెద్దమ్మకు చదివి వినిపిస్తే బాగుంటాదా? ఆమెకు కూడా కట్టు కడతారంట."

"ఆమెకు కాకపోతే ఇంకెవరికి? ఆమె కోసమే రాసినట్టుంది, పట్టుకుపో" అన్నాడు పాణి.

గోడ దగ్గర్నుంచి అయ్యవారి గొంతు వినిపించింది. "చివరిదాకా చదివినావా పాణీ?"

"చదివినా అయ్యవారూ."

తడుముకోలేదు, కళ్లు దించుకోలేదు. అయ్యవారు వాడి వైపు ఒకసారి చూసి, చల్లారిన టీ తాగేశారు. ఆ పూట కూడా "బాగుంది" అనలేదు. పాణి ముఖం మాడ్చుకుని ఇంటికి పోయాడు.

పది రోజులు గడిచాయో లేదో, అయ్యవారు కబురు చేశారు. "కర్నూలు పోయొద్దాం రా. ఈశ్వరమ్మకు ఇంక చివరి అధ్యాయం ఒక్కటే మిగిలిందంట. రేణుకకు ఈ పూట సెలవు దొరకలేదు. నువ్వు చదివి వినిపిద్దువు."

పాణి ఎగిరి గంతేశాడు. అయ్యవారు తనను ఒక పనికి తోడు తీసుకుపోతున్నారు, అదీ తను చెప్పిన నవల చదివించడానికి! బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకిచ్చి, దారి పొడుగునా కబుర్లు చెప్పాడు. ఆయన చేతిసంచి ఒళ్లో పెట్టుకుని ఊ కొడుతూ కూర్చున్నారు.

ఆసుపత్రి గదిలో ఈశ్వరమ్మ గారు గోడకు దిండు వేసుకుని కూర్చుని ఉంది. రెండు కళ్లకూ తెల్లటి కట్టు.

"రాండి అయ్యవారూ" అంది వీళ్లు ఇంకా గడప దాటకముందే. "మీ చెప్పుల చప్పుడు వరండాలోనే పట్టేస్తి. ఆ ఇంకొక అడుగు ఎవరిది?"

"పాణిదమ్మా. ఆ నవల చెప్పినవాడు."

"నువ్వా నాయనా! రా, ఈడ కూర్చో. ఎంత మంచి పుస్తకం ఇచ్చినావప్పా! ఆ బొమ్మలాయన కూడా నా మాదిరే పడుకోనుండాడు పాపం. రేపు పొద్దున్నే నాకు కట్టు విప్పుతారు. ఉన్నది ఒక్క కన్ను. పైకి ఏదో నవ్వుతూ ఉండా గానీ, లోపల వణుకుగా ఉండాది. అందుకే, ముందు ఆయన కట్టు విప్పేయి నాయనా. ఆయనకు కనబడితే నాకు కొంచెం ధైర్యంగా ఉంటాది."

పాణికి ఛాతీ ఉప్పొంగింది. తలగడ పక్కనున్న పుస్తకం తీసుకుని, రేణుక గుర్తు పెట్టిన చోట తెరిచి, గొంతు సవరించుకున్నాడు. బాగా చదువుతాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. చిత్రకారుడు తెల్లవారుజామున లేచి కూర్చుంటే ఈశ్వరమ్మ గారు కూడా దిండు మీంచి లేచి కూర్చుంది. నర్సు వచ్చి చేయి పట్టుకుంటే ఈమె దుప్పటి అంచు పట్టుకుంది. డాక్టరు వచ్చాడు. కత్తెర చప్పుడైంది. కట్టు ఒక్కొక్క చుట్టూ విప్పుతున్నారు.

పాణి పేజీ తిప్పాడు. అదే ఆఖరి పేజీ. దాని మీద ఉన్నదే నాలుగు వాక్యాలు. చదువుతున్నవాడి చూపు నోటికంటే ముందే ఉరుకుతుంది కదా, కిందికి జారిపోయింది.

"కిటికీ ఎందుకు మూసినారు? తెరవండి" అంటాడు చిత్రకారుడు.

ఎవరూ మాట్లాడరు.

కిటికీ తెరిచే ఉంది.

అక్కడితో నవల అయిపోయింది.

చదివింది నిజమేనా అని పాణి మళ్లీ చూశాడు. నిజమే. అమ్మో, ఎంత పని చేశాను! కట్టు కట్టుకుని కూర్చున్న మనిషికి ఏరికోరి దీన్నా ఇచ్చింది? సంతోషంతో ఏడుస్తారని చెప్పిందెవరు, నేనే కదా? చదవడం అక్కడే ఆపేశాడు.

"ఏమైంది నాయనా? విప్పేసినారా?" అంది ఈశ్వరమ్మ గారు.

వాడు దిక్కుతోచక అయ్యవారి వైపు తిరిగాడు. కాపాడండి అన్నట్టు చూశాడు. ఆయన మంచం పక్కకు వంగి, వాడి చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసుకుని, చప్పుడు కాకుండా మూసి తన ఒళ్లో పెట్టుకున్నారు.

"చదువు పాణీ" అన్నారు.

పాణి నిర్ఘాంతపోయాడు. చేతులు ఖాళీ. ఎదురుగా ఆ తెల్లటి కట్టు. ఏం చదవమంటారీయన?

అప్పుడు చూశాడు, అయ్యవారి చేతిసంచి మూతి తెరుచుకుని ఉంది. అందులో అదే నవల, ఇంకొక ప్రతి. ఆఖరి పేజీల్లో ఏదో పాత బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి ఉంది. ఆయన చివరిదాకా చదివారు. తను చదవలేదని ఆయనకు తెలుసు. వాడికి సిగ్గుతో చెవులు మండిపోయాయి.

"చదువు నాయనా" అంది ఈశ్వరమ్మ గారు కూడా. ఆమె గొంతులో అప్పటిదాకా లేని బెదురు వినిపించింది.

పాణి మొదలుపెట్టాడు. ముందు మిద్దె మీద చెప్పే మాటలే నోటికొచ్చాయి. వెలుగు వెల్లువెత్తిందని, రంగులన్నీ ఒక్కసారి పూశాయని అనబోయాడు. అంతలోనే మానుకున్నాడు. రేపు పొద్దున ఈమెకు అట్లా కనబడకపోతే?

"డాక్టరు... కట్టు తీసేశాడు" అన్నాడు. "చిత్రకారుడికి మొదట ఏమీ కనబడలేదు. భయమేసింది. కొంచెం ఆగమన్నాడు డాక్టరు. ఆగాడు. తర్వాత మసకగా... ఏదో కదిలింది. నర్సు చెయ్యి అనుకున్నాడు. గాజులు ఎరుపో పచ్చో తెలియలేదు. తెలియకపోయినా, అక్కడ ఒక చెయ్యి ఉందని తెలిసింది. దాన్ని పట్టుకున్నాడు. ఈ రోజుకు ఇది చాలు అనుకున్నాడు."

ఇంకా ఏమేమో చెప్పాడు. మాట తడబడింది, చెప్పిందే మళ్లీ చెప్పాడు. మిద్దె మీద వినేవాళ్లు ఆ పూట వింటే, వీడు మన పాణియేనా అని ముక్కున వేలేసుకునేవాళ్లు. చివరికి "అంతేనమ్మా, అయిపోయింది" అని చెమట తుడుచుకున్నాడు.

ఈశ్వరమ్మ గారు మళ్లీ దిండుకు ఆనుకుంది. తర్వాత మెల్లగా అంది:

"అంతసేపు చదివితివి, ఒక్క పేజీ కూడా తిప్పలేదే నాయనా?"

పాణి తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు.

"ఎక్స్ఛేంజిలో అంతకాలం హెడ్‌ఫోను పెట్టుకున్న చెవులప్పా ఇవి. లైను కట్టయితే నాకు తెలీదా? పుస్తకంలో అట్లా లేదు కదూ?"

వాడు అయ్యవారి వైపు చూశాడు. ఆయన తలుపు వైపు చూస్తున్నారు. ఇక ఎవరి సాయమూ లేదు.

"లేదమ్మా" అన్నాడు పాణి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏముందో ఇప్పుడే చూసినా. ముందు చదవలేదు. చదివినానని అందరి ముందరా అబద్ధం చెప్పినా. నన్ను క్షమించమ్మా. దాంట్లో ఏముందో మాత్రం అడగొద్దు."

ఆమె చేయి చాపి తడుముతూ వాడి మోకాలు దొరికించుకుని తట్టింది. "అడగను లే. అయ్యవారూ, ఆ పుస్తకం నా తలగడ కింద పెట్టండి. రేపు కనబడితే నేనే చదువుకుంటా. కనబడకపోతే, దాంతో నాకేం పని?"

"వద్దమ్మా!" అని పాణి లేచి నిలబడ్డాడు. అయ్యవారు అప్పటికే తలగడ ఎత్తి, పుస్తకం కింద పెట్టి, దుప్పటి సర్దుతున్నారు.

వరండాలో పాణి ఆయనకు అడ్డం పడ్డాడు. "అయ్యవారూ, మీ కాళ్లు పట్టుకుంటా. దాన్ని వెనక్కి తెచ్చేద్దాం. రేపు ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తే ఇంకేమన్నా ఉందా?"

"ఇచ్చినావు కదా. ఇంక అది ఆమెది" అన్నారాయన.

బస్సెక్కాక చేతిసంచిలోంచి తన ప్రతి తీసి, మాట్లాడకుండా వాడి ఒళ్లో పెట్టారు. పాణి యాభయ్యో పేజీ వెతుక్కుని, అక్కడి నుంచి మొదలుపెట్టాడు. ఆదోని బస్టాండులో దిగమని అయ్యవారు భుజం తట్టేదాకా వాడు తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున ఫోను చేయడానికి వాడికి ధైర్యం చాల్లేదు. రేణుక చేస్తే ఎత్తడానికీ చాల్లేదు. ఆ వారం మిద్దె ఎక్కలేదు. పై వారమూ ఎక్కలేదు. ఆ తర్వాతి ఆదివారం అయ్యవారే మనిషిని పంపిస్తే, దొంగలా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు.

కాసేపటికి మెట్ల మీద అలికిడైంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, రేణుక చేయి పట్టుకుని ఈశ్వరమ్మ గారు వచ్చింది. చాపల మధ్య నుంచి, ఎవరి కాలూ తొక్కకుండా నడిచి, నేరుగా పాణి ముందుకొచ్చి నిలబడింది. ఆ చిత్రకారుడి నవల వాడి చేతిలో పెట్టింది.

"రోజుకు రెండు పేజీలకు మించి చదవొద్దన్నాడు డాక్టరు. నిన్నటికి ఆ చివరి అధ్యాయం అయిపోయింది. కిటికీ తెరిచే ఉంది! ఇదా నాయనా ఆ పూట నువ్వు మింగేసింది?"

పాణి ఆమె కాళ్ల మీద పడబోయాడు. ఆమె వాడి జుట్టు పట్టుకుని పైకి లేపింది. "ఊరుకో. నాకు మొదట కనబడింది డాక్టరు చెయ్యే. మసకగా. నువ్వు చెప్పినట్టే పట్టుకుంటి" అని చెప్పి, పోయి తన చోట కూర్చుంది.

మిద్దె మీద వాళ్లకు ఇదంతా ఏమీ అర్థం కాలేదు. టీ వచ్చింది. ఎప్పటిలాగే ఎవరో అడిగారు: "ఏం పాణీ, రెండు వారాలు నల్లపూసైపోయినావు. ఈ వారం ఏం నవల చదవమంటావు?"

అందరూ వాడి వైపు తిరిగారు. వాడి చేతిసంచిలో కొత్త నవల ఒకటి ఉంది, వంద పేజీల దాకా చదివాడు, అట్ట వెనక బ్రహ్మాండంగా రాసి ఉంది. పాణి నోరు తెరిచాడు. ఈశ్వరమ్మ గారి నల్లద్దాల వైపు చూశాడు.

"ఇంకా అయిపోలేదు. అయిపోయినాక చెప్తా" అన్నాడు. "అయినా, చదివేది ఎవరు? అది తెలియకుండా ఎట్లా చెప్పేది?"

మిద్దె అంతా విస్తుపోయింది. పాణి దగ్గర చెప్పడానికి నవల లేకపోవడమా! చేతుల్లో టీ గ్లాసులు అట్లాగే ఆగిపోయాయి.

గోడ దగ్గర్నుంచి అయ్యవారు అన్నారు:

"ఇయ్యాళ బాగా చెప్పినావు పాణీ."