ఏకులగుట్ట మసీదులో ఖాళీ చోటు

ఏకులగుట్ట దర్గాకు మొక్కులు మోసుకుని వచ్చే ఆడవాళ్ళను వసారాలో కూర్చోబెట్టి ఆ చోటి మహిమ చెప్పే గౌసియా, ఇంతవరకూ ఎవరి ఎదుటా పైకి అనని మాట ఒకటుంది. కథలోని మహనీయుడు వెళ్ళిపోయి మూడు వందల ఏళ్ళు దాటినా, ఆయన తెచ్చిన మాటనే మళ్ళీ మోసుకుని ఒకడు తమ కళ్ళ ముందుకు వచ్చాడనీ, అల్లాహ్ పంపితేనే వచ్చాడనీ, వాణ్ణి కూడా ఊరు ఊరంతా కలిసి సాగనంపిందనీ, వాడు తన తోడబుట్టిన అన్న ఖలందరేననీ ఆమె నమ్మకం. ఈ మాట నోరు జారితే పెద్దలు తోబా తోబా అని చెంపలు వేసుకుంటారు. అందుకని ఆమె పాత కథ ఒక్కటే చెబుతూ వచ్చింది, నాయనమ్మ అయిన జేజి దగ్గర విన్న తీరులోనే, ఎక్కడా పొల్లుపోకుండా. ఆ కథ ఇది.

పూర్వం, హిజ్రీ పదకొండో శతాబ్దం నిండవచ్చిన కాలాన, పాపాఘ్ని ఒడ్డున ఈ గుట్టకు ఇంకా పేరైనా లేని రోజుల్లో, దీని పాదాన ఉన్న చిన్న కోటను ఇనాయతుల్లా ఖాన్ అనే ఖిలేదారు ఏలుతుండేవాడు. ఆయన దుర్మార్గుడు కాడు. రంజాను నెలలో దారిన పోయే ప్రతి బాటసారికీ వంటశాల తలుపు తెరిచి ఉంచిన ఉదారుడు, నల్లరాతితో ఈ మసీదును కట్టించిన భక్తుడు. అయితే ఆయన కొలువులో ఎవరెక్కడ నిలబడాలో నిర్ణయమై ఉన్నట్టే, ఆయన కట్టించిన మసీదులోనూ నిర్ణయమై పోయింది. మొదటి వరుస ఖిలేదారు బంధువర్గానిది, దాని వెనక రౌతులది, ఆపైన వర్తకులది. తెలుగు తప్ప మరో మాట రాని దూదేకులవాళ్ళు మాత్రం చూరు దాటి బయట ఎండలో, లోపలి వరుసలకు పెద్ద ఎడంగా నిలిచి, లోపలివాళ్ళు వంగినప్పుడు వంగి, లేచినప్పుడు లేచేవారు. ఇలా ఉండమని ఎవరూ శాసనం వేయలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు.

ఆ ఊరి కాజీ షరఫుద్దీన్ సాహెబు గొప్ప పండితుడు, నమాజుకు ముందు నిలిచేదీ ఆయనే. ప్రతి నూరేళ్ళ మొదట అల్లాహ్ తన ధర్మానికి పట్టిన మసక తుడిచేందుకు ఒక పురుషుణ్ణి పంపుతాడనీ, అతణ్ణే ముజద్దిద్ అంటారనీ, ఆ వచ్చేవాడు కొత్త ధర్మమేదీ తేడనీ, ఉన్నదాన్నే మళ్ళీ కొత్తగా వెలిగిస్తాడనీ ఆయన ఒకనాడు కొలువులో చెప్పాడు. శతాబ్దం మారబోతోంది కనుక ఆ పుణ్యపురుషుడు మన ఊరికే రాకూడదా అని ఖిలేదారుకు ఆశ పుట్టింది. ఆశ పుట్టిందే తడవుగా కాపలావాళ్ళను నాలుగు దారులకూ పంపాడు, పల్లకి సిద్ధం చేయించాడు, మసీదు మొదటి వరుసలో కాజీకి సరిగ్గా వెనక, తన భుజం పక్కనే ఒక చోటు ఖాళీగా ఉంచాడు. ఆ చోట పరచడానికి పచ్చపట్టు మెత్త ఒకటి కుట్టమని ఆజ్ఞ అయింది. మెత్తలోకి దూది ఏకేందుకు దూదేకులవాళ్ళకు కబురు వెళ్ళింది.

ఆ పిలుపుకు వచ్చినవాళ్ళలో ఎవరికీ ముందు ముఖపరిచయం లేని ముసలివాడొకడు ఉన్నాడు. పేరు హుసేనప్ప అన్నాడు. ఏ ఊరని అడిగితే చేయి ఊపి గాలి వచ్చే దిక్కు చూపాడు. ఆయన విల్లు పట్టి గూటంతో నారిని మీటితే దూది మబ్బులా పైకి లేచేదట. గడ్డంలో దూది, కనుబొమ్మల మీద దూది, ఆయనే ఒక ఏకులా ఉండేవాడట.

"ఎంత మెత్తగా ఏకమంటారు సామీ?" అని హుసేనప్ప పని చూస్తున్న దరోగాను అడిగాడు.

"కూర్చున్నాయనకు కూర్చున్నట్టే తెలియకూడదు," అన్నాడు దరోగా గొప్పగా.

"అంత మెత్తనైతే ఆయన వచ్చినట్టు మీకూ తెలీకుండా పోతుందేమో సామీ."

తోటి దూదేకులవాళ్ళు నవ్వు ఆపుకోలేక దూదిలో ముఖాలు దాచుకున్నారు. "పింజారోడా, నీ విల్లు కంటే నీ నోరే ఎక్కువ మోగుతోంది. ముందు పని చూడు!" అని దరోగా గద్దించాడు. హుసేనప్ప ఆ తిట్టును విననట్టే, నారిని మరోసారి సవరించుకున్నాడు.

కొత్త శతాబ్దపు తొలి శుక్రవారం వచ్చింది. పల్లకి ఖాళీగానే తిరిగి వచ్చింది. మసీదు కిటకిటలాడుతోంది, మొదటి వరుసలో పచ్చని మెత్త మాత్రం ఎవరికోసమో ఎదురుచూస్తోంది. కాజీ సాహెబు నమాజుకు నిలిచి, ప్రతి పూటా చెప్పినట్టే, అలవాటైన గొంతుతో, "వరుసలు సరిచేసుకోండి, భుజానికి భుజం కలపండి, మధ్యలో సందు వదలకండి," అన్నాడు. ఆ మాట అక్కడున్నవాళ్ళు పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. వానచుక్కల చప్పుడు విన్నట్టు విని ఊరుకున్నారు. చూరు బయట నిలిచిన హుసేనప్ప ఒక్కడే ఆ మాటను మాటగా విన్నాడు. ఎండలోంచి కదిలి, వరుసలన్నీ దాటుకుంటూ వచ్చి, తాను నింపిన మెత్తనే రెండు చేతులా భద్రంగా ఎత్తి గోడకు ఆనించి, ఆ ఖాళీలో నిలబడ్డాడు. ఆయన భుజం ఖిలేదారు భుజానికి తగిలింది. జరీ అంగీ మీద ఇంత దూది రాలింది.

"ఎవడ్రా నువ్వు? ఎక్కడ నిలబడ్డావో తెలుస్తోందా?" అన్నాడు ఖిలేదారు.

"సందులో సామీ. మూసుకోమన్నారు గదా, మూసినా."

"అది నీకు కాదు. రాబోయే పెద్దాయనకు."

"ఆయన వచ్చేదాకా ఇది ఖాళీగా ఉంటే, రోజూ చెప్పే మాట రోజూ అబద్ధమయిపాయ గదా సామీ."

ఖిలేదారు తిరిగి కాజీ ముఖం చూశాడు. ఈ ముసలివాడన్నది నిజం అన్న మాట కాజీ నాలుక చివరిదాకా వచ్చిందట. ఆయన ఆ మాటను మింగి, చేతిలోని జపమాల సర్దుకున్నాడు. భటులు చెరో చేయీ పట్టుకున్నారు. "ఉండండి నాయనా, దుడుకెందుకు, నేనే పోతాలే," అని హుసేనప్ప తన విల్లూ ఏకుల మూటా భుజాన వేసుకుని గుట్ట వైపు నడిచాడు. ఆయన నిలిచిన చోటు మళ్ళీ ఖాళీ అయింది. ఎవరో పోయి మెత్తను యథాస్థానంలో పెట్టారు.

కాజీ నమాజు మొదలుపెట్టబోయి, ఆ మాట మళ్ళీ చెప్పడానికి నోరు తెరిచాడు. వరుసలు సరిచేసుకోండి అనగలిగాడు, భుజానికి భుజం కలపండి అనగలిగాడు, తరువాతి మాట దగ్గర ఆయన నాలుక రాయిలా నిలిచిపోయింది. ఎంత ప్రయత్నించినా గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. కన్నీళ్ళు మాత్రం గడ్డం మీదుగా కారాయి. అప్పటికి గానీ అక్కడివాళ్ళకు తెలివి రాలేదు. తాము దారులన్నీ కాపు కాసి ఎవరికోసం చూశారో ఆయన తమ పెరట్లోనే కూర్చుని దూది ఏకాడనీ, తన ఆసనం తానే నింపుకున్నాడనీ, దాన్ని తానే పక్కన పెట్టాడనీ తెలిసి, ఖిలేదారు చెప్పులైనా తొడుక్కోకుండా గుట్టకు పరుగెత్తాడు.

వాలు పొడవునా, మూట వదులై జారిపడ్డ ఏకులు తెల్లగా దారి చూపుతున్నాయి. ఖిలేదారు వంగి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా ఉంది, రాయి! మరొకటి తీశాడు, అదీ రాయే. ఎండలో ఆరబెట్టిన దూదికి ఉండే వెచ్చదనం మాత్రం వాటిలో ఇంకా ఉంది. శిఖరం మీద మనిషి లేడు. విల్లు ఒక్కటే బండకు ఆనించి ఉంది, దాని నారి అప్పుడే ఎవరో మీటి వెళ్ళినట్టు సన్నగా వణుకుతోంది. ఖిలేదారు అక్కడే కూలబడి ఏడ్చాడు. తన అంగీ భుజం మీద రాలిన దూదిని ఆయన బతికినన్నాళ్ళూ దులపనివ్వలేదట.

ఆ విల్లును ఉంచిన చోటే దర్గా లేచింది. ఏకుల హుసేన్ వలీ అన్న పేరు వెలసింది, గుట్ట ఏకులగుట్ట అయింది. దూదేకులవాళ్ళు చూరు లోపలికి వచ్చారు, దర్గా సేవ చేసే ముజావరు పని కూడా వాళ్ళ వంశానికే దక్కింది. ఖిలేదారు మరొక ఆనతి కూడా ఇచ్చాడు. వలీ నిలిచిన ఆ చోట ఇంకెవరూ నిలవకూడదు, అది ఎప్పటికీ ఆయనకోసం ఖాళీగానే ఉండాలి. కాజీ నోట రాని మాట ఆ మసీదులో ఇంకెవరూ పలకకూడదు. అదే నేటికీ ఆచారం. ఎన్ని మసీదులు తిరిగినా నమాజుకు ముందు సందు వదలకండన్న మాట వినిపిస్తుంది, ఏకులగుట్టలో ఒక్కచోట వినిపించదు. మొదటి వరుసలో ఆ చోట పచ్చగుడ్డ పరిచి, శుక్రవారం శుక్రవారం గులాబీలు చల్లుతారు. దాని కుడిపక్క నిలిచే గౌరవం ముజావరుది. ఇప్పుడైతే ఆ గౌరవం గౌసియా తండ్రి పీరా సాహెబుది.

కథ ఇక్కడితో ముగించి గౌసియా ప్రసాదం పంచుతుంది. అన్న కథ మాత్రం ఎవరికీ చెప్పదు. ఖలందర్ దూరాన మదరసాలో ఖురాన్ కంఠస్థం చేసి, తన ఊరి మసీదుకే ఇమాముగా వచ్చాడు. తొలి శుక్రవారమే వెనక్కి తిరిగి, నిదానంగా, మూడు వందల ఏళ్ళుగా ఆ గోడలు వినని మాటను, "సందు వదలకండి," అని పలికాడు. పలికి, ఎవరైనా కదులుతారేమోనని చూస్తూ నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు చిల్లుల జాలీ కిటికీ వెనక నుంచి గౌసియా చూస్తోంది.

"వీడేమన్నా కొత్త ముజద్దిదా?" అని ఒకరు గొణిగారు. "నిన్నగాక మొన్న మీసం మొలిచినోడు, మనకు మర్యాద నేర్పిస్తాడంట," అన్నారు ఇంకొకరు.

"తిరుగు ఖలందర్, నమాజు చెప్పు," అన్నాడు పీరా సాహెబు తల ఎత్తకుండా.

"ఒక్క అడుగు నాయనా. నువ్వు పక్కకు ఒక్క అడుగు జరిగితే చాలు."

తండ్రి జరగలేదు. కొడుకు ఆ ఖాళీని వెనక పెట్టుకునే నమాజు చదివించి, సాయంత్రానికి పెట్టె సర్దుకున్నాడు. వలీ చోటును తొక్కమన్నవాడు నా గడప తొక్కనక్కరలేదని తండ్రి అన్నాడు. బళ్ళారి చేరాక ఖలందర్ చాలాసార్లు ఫోన్ చేశాడు. తండ్రి ఎదుటే మోగుతున్న ఫోనును గౌసియా ప్రతిసారీ దిండు కిందకు తోసేది. కొన్నాళ్ళకు అది మోగడం మానేసింది.

దర్గాలో ఏటా జరిగే ఉరుసు ఉత్సవానికి ముందు వారం, జొన్నచేలు కోసి వచ్చిన ఓబులమ్మ అనే ముసలావిడ, మనుమరాలి కాన్పు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, కథ అంతా విని, గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చుంది.

"బాగుంది పాపా, బాగ చెప్పినావు. ఒక్కటి అర్థం కాలే. ఆ సామి సందు మూయమని కదా వచ్చింది?"

"అవునవ్వా."

"మరి మీరు దాన్ని మూయకుండా పూలేసి పూజిస్తాండారే! నేను మా మనవన్ని తలుపు వేసి రారా అంటే, వాడు తలుపుకు పసుపు రాసి బార్లా తెరిచిపెట్టి వచ్చినట్టుంది మీ కత." అని పళ్ళు లేని నోటితో నవ్వి, "తప్పుగా అన్నానేమో, వలీ సామి ఏమనుకోడులే," అంటూ కొంగు నుదుటికి ఆనించుకుంది.

వసారాలో ఆడవాళ్ళంతా నవ్వారు. గౌసియా నవ్వలేకపోయింది. ఆ మధ్యాహ్నం శుక్రవారపు నమాజు వేళ ఆమె జాలీ వెనక నిలిచి తండ్రిని చూసింది. మోకాళ్ళు అరిగిపోయిన పీరా సాహెబు నిలబడ్డప్పుడు తెలియకుండానే ఎడమకు, ఆ ఖాళీ వైపుకు ఒరుగుతున్నాడు. ఆనుకోవడానికి అక్కడ భుజం లేక ఉలిక్కిపడి సర్దుకుంటున్నాడు, మళ్ళీ ఒరుగుతున్నాడు. ఖాళీని వలీకోసం కాపాడుతున్నానని అనుకునే మనిషి, ఆ ఖాళీలో ఎవరికోసం వెతుకుతున్నాడో గౌసియాకు అప్పుడు తెలిసింది. కాజీ మింగిన మాట ఆమె గొంతులోనే ఇన్నాళ్ళూ అడ్డుపడి ఉందని కూడా తెలిసింది.

ఏకులగుట్ట వాలున పైనుంచి కిందిదాకా తెల్లని పలుగురాళ్ళు ఇవాళ్టికీ వరుసగా పడి ఉంటాయి, వచ్చినవాళ్ళు ఒకటి ఏరుకుని పిడికిట పట్టి ఇంకా వెచ్చగా ఉందంటారు. నమాజు ముగిసి జనం మెట్లు దిగుతుండగా గౌసియా వాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, గుట్ట ఎక్కి దర్గా గోడ నీడన కూర్చుంది. ఉరుసు వచ్చే శుక్రవారమే. బళ్ళారి నుంచి బస్సులున్నాయి. తండ్రి ఒక్క అడుగు జరుగుతాడో లేదో ఆమెకు తెలియదు. ఒరుగుతున్నాడని మాత్రం చెప్పగలదు. ఆ ఒక్క మాట చాలు అనుకుంది. రాయిని ఒడిలో పెట్టుకుని, అన్నకు ఫోన్ చేయడానికి ఫోను చేతిలోకి తీసుకుంది.