గోటి కింద పసుపు

ఏమే నూకాలూ, పొట్ట కింద గుడ్లున్న పీతను డబ్బాలో వేసి పొద్దంతా ఆడించావా? సిగ్గుండాలి. ఏడవకు. దాన్ని నేను నీళ్ళలో వదిలేశాను. కాళ్ళు ముడుచుకుని పడుకో, ఎల్లాజీ సంగతి చెబుతాను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లె ముందు నీళ్ళ అడుగున మూడు రకాల నేలలు. బురదనేలలో రొయ్యలు, ఇసుకనేలలో చుక్కల పీతలు, రాళ్ళ సందుల్లో రాతిరొయ్యలు. ఎవరి చోటు వాళ్ళది. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్ళు. అందుకని పెద్దాయన గురన్న సీసపు గుండు అడుగున మైనం రాసి, తాడు కట్టి దించేవాడు. మైనానికి ఏది అంటితే అడుగున ఆ నేల. అప్పుడు వల వేసేవారు.

గుడ్ల పీత ఒక్కటి పడినా దాన్ని వదిలేయాలి. వానలు వెనకబట్టేదాకా ఆ నేల మీద ఎవరూ వల వేయకూడదు. అది కట్టుబాటు.

ఆ పల్లెలోనే వల వేసే ఎల్లాజీకి ఆగడం చేతకాదు. మొదటి రోజు ఒక గుడ్ల పీత పడింది. చుట్టూ చూశాడు. బొటనవేలి గోటితో పసుపుపచ్చని గుడ్లన్నీ గీకి పారేసి, మామూలు పీతలా గంపలో వేశాడు. ఎవరికీ తెలియలేదు. రెండో రోజు పది గీకాడు. మూడో రోజు గంపెడు.

మరుసటి ఏడు పీతలు పలచబడ్డాయి. రెండో ఏడు, పీతపిల్లల్ని తినడానికి వచ్చే చేపలూ రాలేదు. మూడో ఏడు వల లాగితే ఉత్త ఇసుక, ఖాళీ గుల్లలు. పల్లెకు కూడు పెట్టేది ఆ నేలే. ఇక మూటలు కట్టుకుని పరాయి రేవుకు పోదామనుకున్నారు.

ఆ వారమే ఎల్లాజీ వలలో ఒకే ఒక్క పీత పడింది. గుడ్ల పీత! దాన్నీ గీకాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. పెళ్ళాం కొర్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"గోటి కింద ఏటి మావా, పచ్చగా?"

"పసుపే."

"ఇంట్లో పసుపు నిండుకుని నెల్లాళ్ళయింది. నీకెక్కడ దొరికిందో చెప్పు, నేనూ కాస్త తెచ్చుకుంటాను."

ఎల్లాజీ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. అప్పుడు కొర్లమ్మ ఆ చెయ్యి వదలకుండా గురన్న గుమ్మం దాకా లాక్కుపోయింది.

గురన్న ఆ గోటి కింద ఇరుక్కున్న పీత గుడ్లు చూశాడు. "ఎవరూ ఊరు వదలొద్దు. ఇసుకనేలను మూడు వానాకాలాలు వదిలేద్దాం. ఒరే ఎల్లాజీ, బతికినన్నాళ్ళూ నువ్వు వల ముట్టకు. గుండు దించడమే నీ పని" అన్నాడు.

బురదనేలలో దొరికిన నాలుగు రొయ్యలతో గంజి తాగి అందరూ ఓర్చుకున్నారు. మొదటి ఏడు మైనానికి ఇసుకే అంటింది. రెండో ఏడూ ఇసుకే. మూడో ఏడు ఎల్లాజీ గుండు పైకి లాగితే, మైనంలో పెసరగింజంత పీతపిల్ల కాళ్ళాడిస్తోంది! దాన్ని మెల్లగా విడదీసి నీళ్ళలో వదిలాడు. ఒడ్డుకు వినబడేలా కేక వేశాడు.

ఆ తర్వాత వలలన్నీ బరువెక్కాయి. ప్రతి పొయ్యి మీదా పీతల పులుసు ఉడికింది. ఎల్లాజీకీ ఒక గిన్నె పెట్టారు. కానీ ఎదుటివాళ్ళు వల విసురుతుంటే, పడవ మూల తడి తాడు పట్టుకుని చూస్తూ కూర్చోవడమే అతని బతుకైంది. తన వలలో పడిన పీత రుచి చచ్చేదాకా మళ్ళీ ఎరగడు.

పీతమ్మ ఇసుకలోకి,
నూకాలు నిద్రలోకి,
కథేమో కంచిలోకి,
మనమేమో ఇంటిలోకి.